అలంకారం సరే, అక్షరం ఏది?



గత మాఘమాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు తన కుమార్తె వివాహ శుభలేఖ నమూనా పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేండ్ల క్రితం నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. "అయ్యవారూ, తప్పులుంటే దిద్దివ్వండి" అన్నాడు. మంచి దళసరి కాగితం, పసుపు కుంకుమ వన్నెల అంచు, పైన శ్రీనివాస కల్యాణ చిత్రం. అంతా ముచ్చటగానే ఉన్నది. వధువు పేరు దగ్గర మాత్రం నా కన్ను ఆగిపోయింది. అమ్మాయి పేరు జ్యోత్స్న. అచ్చులో ఉన్నది 'జోష్ణ'.

పేరు మార్చారా అని అడిగాను. లేదన్నాడు. అచ్చువేసే అంగడిలో శుభలేఖల కోసమే ప్రత్యేకించిన వంపుల ఖతి ఒకటి ఉన్నదట. అందులో ఈ పేరు కొడితే తకారం పొల్లుతో ఒకవైపు, సకారం మరొకవైపు విడిపోయి నిలబడ్డాయట. అంగడివాడు చెప్పిన మాటలు నా శిష్యుడు ఉన్నవున్నట్టు వినిపించాడు: "ఆ ఒత్తు ఈ డిజైన్లో రాదు సార్. జోష్ణ అని వేసుకుంటే నీటుగా వస్తాది. లేదంటే ఇంగ్లీషులో వేసుకోండి, ఇంకా గ్రాండుగా ఉంటాది. తెలుగు అంత అందంగా కూర్చోదు."

ఆ అంగడివానిపై నాకు కోపం లేదు. అతని చేతిలోని పనిముట్టు అటువంటిది. కాని ఆ చివరి మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అది అతనొక్కడి మాటే అయితే ఈ టపా వ్రాయవలసిన పని లేదు. శుభలేఖ, గృహప్రవేశ ఆహ్వానం, సన్మానపత్రం, యోగ్యతాపత్రం, గుమ్మం ముందరి పేరుపలక: ఎక్కడ కొంచెం గాంభీర్యం, కొంచెం సింగారం కావలసివచ్చినా అక్కడ ఇంగ్లీషు వంపుల అక్షరం పీట వేసుకొని కూర్చుంటున్నది. తెలుగు ఉన్నచోట కూడా ఆ ఇంగ్లీషు వంపులను అప్పు తెచ్చుకొన్న తెలుగే ఎక్కువగా కనిపిస్తున్నది. ఈ రెండింటినీ నేను కాదంటున్నాను. తెలుగు లిపికి సింగారం కొరవడలేదు. ఆ సింగారం ఏ కలంనుండి పుట్టిందో మనం మరచిపోయాము. మరచి, పరాయి కలం వంపులు తెచ్చి అతికించి, అవి అతకకపోయేసరికి నేరం లిపిమీద మోపుతున్నాము.

ముందుగా ఆ పరాయి కలం సంగతి చూద్దాము. శుభలేఖల మీద మనం చూసే ఇంగ్లీషు వంపురాతకు కాపర్‌ప్లేట్ అని పేరు. అంటే రాగిరేకు. ఐరోపాలోని రాయసగాండ్రు ఈక కలంతో వ్రాసిన రాతను చెక్కుడుపనివారు రాగిరేకులమీద చెక్కి అచ్చువేసేవారు. లండనులో జార్జి బిక్‌హామ్ అనే చెక్కుడుపనివాడు 1733 నుండి 1741 వరకు 'యూనివర్సల్ పెన్‌మన్' పేరిట అటువంటి రాతల సంపుటిని వెలువరించాడు. కలాన్ని క్రిందికి లాగుతూ నొక్కితే గీత లావవుతుంది. పైకి లేపుతూ వదిలితే వెంట్రుకవలె సన్నబడుతుంది. ఒక అక్షరం తోక తరువాతి అక్షరం చేయి పట్టుకొంటుంది. మొత్తం రాత కుడివైపుకు ఒరిగి నడుస్తుంది. 1966లో మాథ్యూ కార్టర్ రూపొందించిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ ఆ సంప్రదాయంనుండి వచ్చినదే. వారి కలం, వారి భాష, వారి రాత: ఆ అందం వారికి సహజం. నేను దానిని తక్కువచేయడం లేదు.

ఇక దానిని తెలుగుకు అతికించినప్పుడు జరిగేదేమిటో చూడండి. మొదటిది, ఆ రాత వైభవమంతా పెద్దబడి అక్షరాలలో ఉన్నది. పేరు మొదటి అక్షరం నెమలిపింఛంలా విచ్చుకొంటుంది. వెనుకనున్న చిన్నబడి అక్షరాలు అణకువగా నడుస్తాయి. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అనే భేదమే లేదు. కనుక అనుకరించేవారు ఏ అక్షరానికి పింఛం తగిలించాలో తెలియక ప్రతి అక్షరానికీ తగిలిస్తారు. పెండ్లిలో అందరూ పెండ్లికొడుకు వేషమే వేసుకొంటే ఎట్లుంటుందో అట్లుంటుంది ఆ పంక్తి.

రెండవది, రోమను అక్షరం ముఖ్యంగా అడ్డంగా సాగుతుంది; తెలుగక్షరం అడ్డంగా సాగుతూనే నిలువుగా కూడా పెరుగుతుంది. పైన తలకట్టు, గుడి, ఏత్వం, క్రింద ఒత్తులు. ఒక్కొక్కచోట ఒత్తు క్రింద మరొక ఒత్తు. ఇంగ్లీషువారికి పంక్తి క్రింద ఖాళీ ఉన్నది గనుక అక్కడ తోకను చుట్టలు చుట్టుకొన్నారు. మన పంక్తి క్రింద ఒత్తులు కాపురమున్నాయి. ఆ చోట చుట్టలు చుడితే ఏది ఒత్తో, ఏది తోకో తెలియదు. అప్పుడు ఖతి చేసేవాడు ఏం చేస్తాడు? తోకను ఉంచి, ఒత్తును తీసేస్తాడు. మా జ్యోత్స్న విరిగింది అక్కడనే.

మూడవది, వారి అక్షరాలు చేతులు కలుపుకొని నడుస్తాయి. మన అక్షరం దేనికదే నిండుకుండ. దాని గుండ్రదనం తనలోకి తాను తిరిగివస్తుంది. దానిని ఒకవైపుకు వంచి పక్క అక్షరానికి ముడివేస్తే ఆ గుండ్రదనమే పోతుంది. గుండ్రదనం పోయిన తెలుగులో ఇక సింగారించడానికి మిగిలేది ఏమిటి?

మరి మన సింగారం ఎక్కడిది అంటారా? దూరం పోనక్కరలేదు. ఇంగ్లీషువారు రాగిరేకుల రాత అని చెప్పుకొనేదానికి దాదాపు రెండు శతాబ్దాల ముందే మా తిరుమల కొండమీద రాగిరేకులలో తెలుగు చెక్కారు. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను, వారి సంతతివారి రచనలను పదహారవ శతాబ్దిలో వేల సంఖ్యలో రాగిరేకులకెక్కించి, ఆలయంలోనే ఒక అరలో భద్రపరచారు. ఆ రేకులు 1922లో లోకం దృష్టికి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహానుభావులు వాటిని చదివి పరిష్కరించి అచ్చుకెక్కించారు. నేటికీ అన్నమయ్య కీర్తనకు గుర్తు చెప్పాలంటే రేకు సంఖ్యే చెబుతాము. ఆ రేకుల సాహిత్యం గురించి గ్రంథాలు వచ్చాయి. సంగీతం గురించి కచేరీలు జరుగుతున్నాయి. ఆ రేకుల అక్షరం గురించి, ఆ ఉలి నడక గురించి మన శుభలేఖల అంగళ్ళలో ఎవరైనా తలచుకొన్నారా? ఆ చెక్కడంలో పంక్తి నిండుగా నడుస్తుంది, అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. ఒత్తుకు చోటు లేదని పదం మార్చుకొన్న దుస్థితి ఆ ఉలికి పట్టలేదు.

రాగికంటె ముందు తాటాకు ఉన్నది. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు చూసినవారికి గంటపు రాత పరిచయమే. గంటం కొన ఆకును గీరుతుంది. ఆ గీతలో మసి పూస్తే అక్షరం బయటపడుతుంది. నిడుపైన అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది గనుకనే మన అక్షరాలు గుండ్రన తిరిగాయని పెద్దలు చెబుతారు. గంటానికి లావు సన్నాల తేడా లేదు. దాని అందమంతా తిరుగుడులో ఉన్నది: ఎక్కడ మొదలై, ఎంత దూరం తిరిగి, ఎక్కడ విడిచిందో అందులో ఉన్నది.

లావు సన్నాల విలాసం కావాలంటారా? దానికీ పొరుగూరు చాలు. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలోనూ ఉన్న శ్రీకాళహస్తికి పోయి కలంకారీ పని చూడండి. వెదురుపుల్లను చెక్కి, మొననుండి కాస్త పైన గుడ్డనో ఉన్నినో ఉండగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగును పీల్చి నిలుపుకొంటుంది. వ్రేళ్ళతో నొక్కిన కొద్దీ గీత నిండుతుంది, వదిలిన కొద్దీ సన్నబడుతుంది. నల్లరంగు కూడా ఇంటిదే: తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీటిలో వేసి పులియబెట్టినది. కరక్కాయ, పాలు పట్టించిన బట్టమీద ఆ రంగుతో గీస్తారు. రామాయణ భారత కథలను గడులుగా తీర్చిన పెద్ద తెరలలో, ఆ గడుల అంచున కథను చెప్పే తెలుగు పంక్తులు కూడా అదే కలంతో వ్రాసినవి ఉంటాయి. జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంతోషించాము. బొమ్మలను మెచ్చుకొన్నాము. ఆ బొమ్మల ప్రక్కనున్న తెలుగు రాతను చూసి, ఇది కదా మన సింగారపు అక్షరం అని ఎందరం అనుకొన్నాము? అందులో అక్షరం ఒరగదు, తోక చుట్టదు. నొక్కిన చోట నిండుగా, విడిచిన చోట మొనదేరి ఉంటుంది. తలకట్టు ఒక్క విసురులో పడుతుంది.

మన అక్షరానికి నగలు పెట్టుకొనే చోట్లు మనకున్నాయి. తలకట్టు విసురు, గుడిదీర్ఘపు మెలిక, కొమ్ము తిరుగుడు, శ్రీకారంలో రకారపు ఒత్తు చుట్టివచ్చే తీరు: ఇవి చాలవా? ఇవి అక్షరంలో భాగాలు. వీటిని సాగదీసినా, మెలితిప్పినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. కావ్యంలో ఔచిత్యమే ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఆ మాట అచ్చక్షరానికీ వర్తిస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి బాపు గారే (1933–2014) సాక్షి. ఆయన రాత ఏ రోమను వంపునూ అడుక్కోలేదు. అది ఖతిగా మారి శుభలేఖలనుండి అంగళ్ళ పేరుపలకల దాకా వ్యాపించింది. తెలుగు అందంగా కూర్చోదన్నవారికి ఆ ఒక్క చేతిరాత చాలు జవాబు. అయితే ఒక మనవి. బాపు గారి అక్షరం చనువుగా పలకరించే అక్షరం. కథాశీర్షికకు, హాస్యానికి, స్నేహానికి దానికి సాటి లేదు. ఒక పండితుని సన్మానపత్రానికి, ఒక పట్టాకు, గంభీరంగా నిలబడే మరొక అక్షరం కూడా కావాలి. ఒకే పట్టుచీర ఎన్ని పెండ్లిళ్ళకు కట్టిస్తాము?

ఇక సాంకేతికమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. "మాష్టారూ, సంయుక్తాక్షరాలన్నిటికీ రూపాలు చేయడం అసాధ్యం" అని. పాతపద్ధతి ఖతులలో ఇది కొంతవరకు నిజమే. వాటిలో మొత్తం 256 గళ్ళు. అందులోనే తెలుగు అక్షరాల తలలు, కాళ్ళు, ఒత్తులు ముక్కలుగా కుక్కి, పక్కపక్కన పేర్చి అక్షరమనిపించేవారు. ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే అది తెలుగే కాదు, రోమను గుర్తుల గందరగోళం. యూనికోడులో ఆ బాధ లేదు. తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే అయినా, అక్కడ దాచేది వర్ణాన్ని. రూపం కల్పించేది ఖతిలోని నియమాలు. తకారం, పొల్లు, సకారం, పొల్లు, నకారం వరుసగా ఉంటే వాటిని త్స్న అని కూర్చవలసిన బాధ్యత ఖతిది. కూర్చలేదంటే ఖతి చేసినవాడు ఆ నియమం వ్రాయలేదని అర్థం, తెలుగుకు చేతకాలేదని కాదు. 2008లో ౘ, ౙలకు, 2021లో నకారపొల్లుకు కూడా యూనికోడులో స్థానం దొరికింది. ప్రపంచం చోటిచ్చింది, ఇక రూపం ఇవ్వవలసినవారము మనము.

ఇచ్చినవారు లేకపోలేదు. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు దిగుమతి చేసుకొని మన తొలి టపాలు చదువుకొన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2010ల తొలి ఏండ్లలో సిలికానాంధ్రవారు కొన్ని ఖతులను ఉచితంగా విడుదల చేశారు. పెద్దన, తిమ్మన, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, రామరాజ అని వాటికి పేర్లు. మా కాళహస్తి కవి ధూర్జటి పేర కూడా ఒకటి ఉన్నది. ముఖ్యంగా శీర్షికలకు, ఆహ్వానాలకు ఉద్దేశించినది. ఇవన్నీ ఆ తరువాత గూగుల్ ఫాంట్సులో చేరాయి. 2015లో పెద్దన మనుచరిత్రను ఇంగ్లీషు అనువాదంతో ఎదురెదురు పుటలలో ప్రకటించిన మూర్తి క్లాసికల్ లైబ్రరీవారు తమ గ్రంథమాల కోసం తెలుగు అచ్చును ప్రత్యేకించి తీర్చిదిద్దించుకొన్నారు. దానినుండి వచ్చిన తీరో తెలుగు నేడు అందరికీ ఉచితమే. వీటన్నిటి అనుమతిపత్రం ప్రకారం ఎవరైనా వాడవచ్చు, లోపముంటే దిద్దవచ్చు, దిద్దినదానిని వేరే పేరుతో మళ్ళీ పంచవచ్చు. ఇంత సదుపాయం ఉండి కూడా, పాత వంపుల ఖతిలో పేరు విరుగుతున్నదని ఆడపిల్ల పేరు మార్చేవారిని ఏమనాలి?

మన బ్లాగు మిత్రులలోనే రెండవ పక్షంవారు ఉన్నారు. "చదవడానికి వీలైతే చాలు, సింగారం ఆడంబరం. ముందు పిల్లలకు తెలుగు వచ్చేట్టు చూడండి" అంటారు. ఈ మాటలో సగం నిజం ఉన్నది. మిగతా సగానికి నా జవాబు వినండి. భాష బ్రతికేది రోజువారీ వాడుకలోనే కాదు. పెండ్లి, ఉపనయనం, సన్మానం, స్మారకం వంటి పెద్ద సందర్భాలలో ఏ భాషకు పీట వేస్తామో దానినే పిల్లలు పెద్దభాషగా భావిస్తారు. తన పెండ్లి శుభలేఖమీద ఇంగ్లీషు పేరు బంగారు వంపులతో మెరుస్తూ, తెలుగు పేరు విరిగి ఉంటే, ఆ పిల్లకు తెలుగుమీద గౌరవం కలగమని మనం ఏ పాఠంలో చెప్పగలము? నేను ముప్పై ఏండ్లకు పైగా ఆ పాఠం చెప్పినవాడిని. బడిలో చెప్పినదానికంటె ఇంట్లో కండ్లకు కనిపించినదే పిల్లల మనసులో నిలిచింది.

కనుక ఉపాధ్యాయుని అలవాటు పోక ఒక పరీక్షాపత్రం తయారుచేశాను. సింగారపు తెలుగు ఖతి ఏదైనా సరే, కొనేముందు, వాడేముందు ఈ మాటలు అందులో కొట్టి చూడండి: జ్యోత్స్న, శార్ఙ్గపాణి, తార్క్ష్యుడు, ఊర్ధ్వపుండ్రం, ఉజ్జ్వల, తత్త్వం, స్త్రీ, రాష్ట్రం, కౢప్తం, వాఁడు, ఱేడు. మొదటి నాలుగింటిలో ఒత్తులు మూడంతస్తుల దాకా పోతాయి. ఉజ్జ్వల, తత్త్వం అనేవాటిలో ఒక ఒత్తు జారితే మాట తప్పవుతుంది. తప్పే ఒప్పుగా అలవాటవుతుంది. చివరి మూడూ పాతగ్రంథాలు అచ్చువేసేవారికి తప్పనిసరి. బడిలో నూటికి ముప్పై అయిదు వస్తే చాలనేవాళ్ళము. ఇక్కడ మాత్రం నూటికి నూరు రావలసిందే. ఒక్క మాట విరిగినా, ఆ ఖతికి ఎన్ని వంపులున్నా, దానిని శుభకార్యానికి పిలవకండి.

మా జ్యోత్స్న శుభలేఖ సంగతి చెప్పనే లేదు. ఆ సాయంకాలం పాత అట్టకలం వెతికి తీశాను. తెల్లకాగితంమీద వధూవరుల పేర్లు, పైన 'శ్రీరస్తు', క్రింద 'శుభమస్తు' అని వ్రాసి ఇచ్చాను. నేను కళాకారుణ్ణి కాను. నల్లబల్లమీద వ్రాసి వ్రాసి కుదిరిన చేయి మాత్రమే. అంగడివాడు దానిని స్కాన్ చేసి వేశాడు. త్స్న నిండుగా కూర్చున్నది. పెండ్లినాడు అమ్మాయి అవ్వ ఆ శుభలేఖ చేతబట్టుకొని, కూడబలుక్కొంటూ మనుమరాలి పేరు చదివింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

నా చేయి ఒక్క పెండ్లికే సరిపోయింది. తిరుపతిలో, తిరుమలమీద ఏటా జరిగే పెండ్లిళ్ళెన్ని! ప్రతి ఇంటికీ ఒక తెలుగుపంతులు కలం పట్టుకొని పోలేడు. అందుకే ఖతి కావాలి. అది తాళ్ళపాక రేకుల తిరుగుడును, కాళహస్తి కలం నిండుదనాన్ని చూసి నేర్చుకొన్న చేతితో గీసినది కావాలి. యూనికోడులో, అందరికీ ఉచితంగా, ఒక్క ఒత్తూ పోకుండా ఉండాలి. ఖతుల పని తెలిసినవారు మీలో ఉన్నారు. ఒక పండితుడు, ఒక కలంకారీ చేయి, ఒక కంప్యూటరు మనిషి కలిసి ఒకచోట కూర్చుంటే చాలు. పండితుని పనికి నేను సిద్ధంగా ఉన్నాను. సంయుక్తాక్షరాల పట్టిక మొత్తం వ్రాసి ఇస్తాను.

అంతవరకు మీరు ఒక పని చేయండి. మీ ఇంటిల్లిపాది పేర్లూ మీ ఊరి శుభలేఖల అంగడివాని వంపుల ఖతిలో కొట్టించి చూడండి. ఏ పేరు విరిగిందో వ్యాఖ్యలో వ్రాయండి. ఆ పేర్లన్నీ నా పరీక్షాపత్రంలో చేరుస్తాను.

స్వస్తి.